ఇంట్లో లేనప్పుడు పనామె వచ్చి వెళ్లడానికి ఎలాంటి తాళం మంచిది? (తిరుపతి)

ఎమ్.ఆర్.పల్లిలో మొదటి అంతస్తు ఇల్లు. ఇద్దరం తొమ్మిదికే బయలుదేరతాం, పనామె పదకొండుకు వస్తారు. తాళంచెవి ఇస్తే నకలు తీయించడం పది నిమిషాల పని. పైగా ఏదైనా కనబడకపోతే మొదటి మాట ఆమె మీదికే వస్తుంది, అది నాకు ఇష్టం లేదు. అందుకే ఆమెకంటూ వేరే నంబరు ఉండి, 11 నుంచి 1 వరకే పనిచేసే డిజిటల్ తాళం చూస్తున్నాను.

వేలిముద్ర వద్దనుకున్నా. రోజూ సబ్బునీళ్లలో గిన్నెలు తోమే చేతులకు గీతలు అరిగిపోతాయి, తడి వేలిని సెన్సార్ సరిగా చదవదు.

తలుపు టేకుది, రెండు రెక్కలు, మందం 38 మి.మీ. కదలని రెక్కకు పైనా కిందా గడియలు వేయకపోతే ఎంత ఖరీదైన తాళమైనా తోస్తే వచ్చేస్తుంది. దీనికి తలుపు అంచును తొలిచి చెక్కలోకి దించే మోర్టైస్ రకం సరిపోతుందా, తలుపు లోపలి ముఖం మీద బిగించే రిమ్ రకమా? మోర్టైస్ అయితే అంచులో గాడి తొలిచాక చెక్క బలం తగ్గుతుందేమో.

బయట ఇనుప గ్రిల్ గేటు కూడా ఉంది. దానికి నంబరు తాళంకప్ప వేస్తే అందరికీ ఒకే నంబరు, ఎవరు ఎప్పుడు తీశారో తెలియదు. మీరైతే గేటుకు ఏం వాడతారు?

కరెంటు పోతే వైఫై ఆగుతుంది. అప్పుడూ టైము పెట్టిన నంబరు పనిచేయాలి. సెల్స్ అయిపోతే బయటి నుంచి 9 వోల్టుల బ్యాటరీ ఆనించి తెరిచే వీలుండాలి. పడమటి ఎండ నేరుగా పడే తలుపు మీద ఏ రకం నిలిచిందో వాడినవాళ్లు చెప్పండి.