గుత్తికోయ గూడేలకు సాయం చేస్తే అడవికి అన్యాయం చేసినట్టేనా?

ఓరుగల్లు మిత్ర:
దుప్పట్లు, పలకలు, దోమతెరలు సేకరించి ములుగు, తాడ్వాయి అడవుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి ఉంటున్న గుత్తికోయ ఆదివాసీల గూడేలకు చేరవేసే పని మా హనుమకొండ బృందం కొంతకాలంగా చేస్తోంది. ఈసారి విరాళాలు అడిగితే కొందరు మిత్రులు సూటిగా అన్నారు: "మీరు సాయం చేసే కొద్దీ వాళ్లు అక్కడే పాతుకుపోతారు, అడవి పోతుంది. ఇది సేవ కాదు." ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేను. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక అటు మావోయిస్టులకూ ఇటు జుడుం దళాలకూ మధ్య నలిగి, ఊళ్లు తగలబడి, గోదావరి దాటి వచ్చిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. వాళ్లకు మనం చేయదగింది ఏమిటి, చేయకూడనిది ఏమిటి? అందరూ చెప్పండి.

పచ్చని అడవి:
మా నాన్నగారు అటవీ శాఖలో బీట్ ఆఫీసరుగా పనిచేశారు, కాబట్టి నేను ఎటువైపు ఉంటానో ముందే తెలిసిపోతుంది. పోడు కొట్టేవాళ్లు చెట్టు మొదట్లో చుట్టూ బెరడు చెక్కేస్తారు. పచ్చని చెట్టు నిలువునా ఎండుతుంది. ఎండాకాలంలో నిప్పు పెడతారు. అలా పోయిన మద్ది, ఏగిస చెట్లు మళ్లీ పెరగాలంటే ఒక తరం పడుతుంది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలోనే ఒక రేంజి అధికారిని నరికి చంపారు. ఆయన కుటుంబం గురించి మీ విరాళాల సభల్లో ఎవరైనా మాట్లాడారా?

మేడారం దారి:
నేను ఏటూరునాగారం వైపు కోయవాణ్ని. వాళ్లు మాకు పరాయివాళ్లు కారు, మాట కలుస్తుంది. అయినా మా బాధ కూడా వినండి. మిరపకాయలు ఏరే రోజుల్లో తక్కువ కూలికైనా వాళ్లు వస్తారని రైతులు మా కూలి కూడా తగ్గిస్తారు. పట్నం నుంచి వచ్చే కార్లు మా గూడెం దాటుకుని వాళ్ల గూడేనికి వెళ్తాయి. మా అంగన్‌వాడీ పైకప్పు వానొస్తే కారుతుంది, దాన్ని ఎవరూ ఫొటో తీయరు. ఇది ఓర్వలేనితనం అనుకోకండి.

కోర్టు మెట్లు:
చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి సాగులో ఉండాలి. జుడుం భయంతో వచ్చినవాళ్లలో చాలామంది ఆ షరతుకు సరిపోరు. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లు షెడ్యూల్డు తెగే, కానీ అక్కడి ధ్రువపత్రంతో ఇక్కడ రిజర్వేషన్ రాదు. జుడుం కాలంలో ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా చేసి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తేల్చింది. ఊళ్లు వదిలి వచ్చినవాళ్ల బతుకు మాత్రం ఆ తీర్పుతో మారలేదు. దేశం లోపలే నిర్వాసితులైనవాళ్ల కోసం మనకు ప్రత్యేక చట్టం లేదు. చేయాలనుకుంటే దారి ఉంది. 1997లో మిజోరం నుంచి త్రిపురకు పారిపోయిన బ్రూ తెగవారిని త్రిపురలోనే స్థిరపరచడానికి 2020 జనవరిలో 600 కోట్ల రూపాయలతో ఒప్పందం కుదిరింది. ఇంటి స్థలం, రెండేళ్ల రేషన్, నెలనెలా నగదు అందులో ఉన్నాయి.

ఓరుగల్లు మిత్ర:
పచ్చని అడవి గారూ, బెరడు చెక్కిన చెట్లను నేనూ చూశాను, అది తప్పే. ఆ హత్య ఘోరం, చేసినవాళ్లకు 2023లో శిక్ష పడింది, పడాల్సిందే. దానికీ, ఎక్కడో వేరే గూడెంలో ఉన్న ఏడేళ్ల పిల్లకూ ఏమిటి సంబంధం? మనం చేతులు ముడుచుకు కూర్చుంటే ఒక్క చెట్టయినా మిగులుతుందా? తిండికి దారి లేనివాడే కొత్త పోడు కొడతాడు. పిల్ల హాస్టల్లో చేరి, తల్లికి ఉపాధి హామీ పని దొరికితే ఆ ఇంట్లో గొడ్డలి అవసరం తగ్గుతుంది.

మా పనిలో పంచిపెట్టడం చిన్న భాగం, ఎక్కువ సమయం కాగితాలకే పోతుంది. వయసు ధ్రువపత్రం లేదని ఏ బిడ్డనూ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అయినా దరఖాస్తులో పుట్టిన తేదీ గడి నింపాలి కదా. పిల్ల ఎప్పుడు పుట్టిందని అడిగితే తల్లి "ఇప్పపువ్వు రాలే రోజుల్లో" అంటుంది. ఏ ఏడాదో తేలాలంటే ఎవరి పెళ్లికి ముందు, ఎవరి చావుకు తర్వాత అని గూడెమంతా కూర్చుని లెక్క కట్టాలి. మాతో వచ్చే కోయ అమ్మాయి లేకపోతే ఆ మాటలు మాకు అర్థం కావు. ఇలాంటి పనికి ఆఫీసుల్లో ఎవరికీ తీరిక ఉండదు. మామూలు మనుషులే చేయాలి.

2025 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల మీద మావోయిస్టులపై భద్రతా బలగాలు జరిపిన ఆపరేషన్ తర్వాత "ఇక యుద్ధం అయిపోయినట్టే, తిరిగి వెళ్లిపొమ్మనండి" అనేవాళ్లూ పెరిగారు. వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లాలి, వాళ్లకు తోడ్పడతాం. కానీ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లను, తను ఎన్నడూ చూడని ఊరికి పొమ్మని తరిమే హక్కు ఎవరికీ లేదు.

పచ్చని అడవి:
బడి, వైద్యం, దోమతెరలు సరే, ఒప్పుకుంటాను. గూడెంలో నీళ్ల బోరు వేయిస్తామంటే మాత్రం ఒప్పుకోను. అభయారణ్యం నడిమధ్య బోరు పడితే తర్వాత రోడ్డు వస్తుంది, కరెంటు స్తంభం వస్తుంది, దాని వెనకే ఇంకో యాభై గుడిసెలు వస్తాయి.

ఓరుగల్లు మిత్ర:
అనుమతి లేకుండా బోరు మేమూ వేయించం. నీళ్ల సంగతి మాత్రం వదలను. వేసవిలో వాగు ఎండితే ఆడవాళ్లు ఇసుకలో చెలిమ తవ్వుతారు. సొరకాయ బుర్రతో నాలుగుసార్లు తోడేసరికి అడుగు తేలుతుంది, మళ్లీ ఊరేదాకా పక్కనే కూర్చోవాలి. ఆ నీళ్లే గుడ్డలో వడగట్టి బాలింతకూ ఇస్తారు. అక్కడ బోరు వద్దంటే, అడవి బయట బ్రూలకు ఇచ్చినట్టు స్థలం చూపమని ప్రభుత్వాన్ని మాతో కలిసి అడగండి. మీ నాన్నగారిలా అడవి తెలిసినవాళ్లు అడిగితే ఆ మాటకు బలం ఉంటుంది.

మేడారం దారి తమ్ముడూ, ఇకనుంచి మీ గూడెం దాటిపోం. ఏటూరునాగారం ఐటీడీఏకు (గిరిజనాభివృద్ధి సంస్థకు) ఇచ్చే వినతిపత్రంలో రెండు గూడేల అవసరాలూ రాద్దాం. మీ పెద్దలు సంతకం పెడతారా?

మేడారం దారి:
అడుగుతాను. అంగన్‌వాడీ పైకప్పు మొదటి అంశంగా ఉండాలి, కూలి రేటు రెండోది. రైతులు ఇద్దరికీ ఒకే కూలి ఇవ్వాలని గుత్తికోయ పెద్దలు కూడా మాతో కలిసి అడగాలి. దానికి వాళ్లు సరేనంటే మావాళ్లను ఒప్పించే పూచీ నాది.

పచ్చని అడవి:
ముసాయిదా నాకూ పంపండి. నాన్నగారికి చూపిస్తాను.