పాత సెంటాస్, ఎక్స్‌పీ మిషన్లలో కూడా సీ లైబ్రరీ నడవాలంటే ఎట్ల రాయాల?

ఆదోని_కాటా

అన్నలూ నమస్తే. మాది ఆదోని. ఇక్కడ పత్తి జిన్నింగ్ మిల్లుల్లో వేబ్రిడ్జి ఉంటాది కదా, దాని ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్ట్‌లో వచ్చే బరువు చదివి తెలుగులో తూకం చీటీ తయారు చేసే చిన్న లైబ్రరీ సీలో రాసినా. నా ల్యాప్‌టాప్ ఉబుంటు 22.04, దాంట్లో బాగా నడుస్తాంది. అదే ఎస్ఓ ఫైల్ (కంపైల్ చేసిన లైబ్రరీ) తీసుకపోయి మిల్లులో సెంటాస్ 6 అనే పాత లైనక్స్ మిషన్‌లో పెడితే "జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్" అని లోడే కాలే. సరే సోర్స్ ఆడనే కంపైల్ చేద్దామంటే ఆడ ఉండేది జీసీసీ కంపైలర్ పాత 4.4 వెర్షన్, ఫర్ లూప్ లోపల "ఇంట్ ఐ" అని రాసిన ప్రతి చోటా ఇది సీ99 (1999 నాటి సీ స్టాండర్డ్) మోడ్‌లోనే కుదురుతుంది అని ఎర్రర్. ఎమ్మిగనూరులో ఇంకో మిల్లు వాళ్లది విండోస్ ఎక్స్‌పీ, విజువల్ స్టూడియో 2008, దాంట్లో ఇంట్ సైజులు చెప్పే ఎస్‌టీడీఇంట్ హెడరే లేదు. ఇంకొకాయన రాస్ప్‌బెర్రీ పై తెచ్చినాడు, దాంట్లో కంపైల్ అయితాంది గానీ కాన్ఫిగ్ ఫైల్ చదివే లూప్ ఆగడమే లేదు, అదే కోడ్ ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆగుతాంది. ఒక్కో మిషన్‌కు ఒక్కో కాపీ పెట్టుకునేది నాకిష్టం లేదు. ఒకే సోర్స్ అన్నిట్లో నడవాలంటే యాడ మొదలుపెట్టాల?

అనంతపురం_లైనక్స్

తమ్ముడూ, నీవి వేరే వేరే సమస్యలు, అన్నీ కలిపి చూస్తే దిక్కు తెలీదు. మొదట జీలిబ్‌సీ, అంటే లైనక్స్‌లో సీ ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ, దాని సంగతి. పాత జీలిబ్‌సీ మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తాది, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడవదు. సెంటాస్ 6లో ఉండేది 2.12, ఉబుంటు 22.04లో 2.35. నువ్వు థ్రెడ్ మొదలుపెట్టే పీథ్రెడ్ క్రియేట్ ఫంక్షన్ వాడినావనుకుంటా, 2.34లో పీథ్రెడ్ లైబ్రరీని మెయిన్ లిబ్‌సీలో కలిపేసినారు, అందుకే ఆ నంబర్ అడుగుతాంది. అది తీసేసినా మెమ్‌కాపీ ఫంక్షన్ 2.14 అడుగుతాది, మళ్లీ అదే కథ. కాబట్టి నువ్వు సపోర్ట్ చేయాల్సిన వాటిల్లో అన్నిటికంటే పాత సిస్టమ్ ఏదో దాంట్లోనే కట్టు. డాకర్‌లో (ఒక మిషన్ లోపలే వేరే సిస్టమ్‌ను కంటైనర్‌గా నడిపే టూల్) సెంటాస్ 6 ఇమేజ్ దొరుకుతాది, ప్యాకేజీలు దించుకునే రిపోలు మాత్రం పాతవి దాచిపెట్టే వాల్ట్ సర్వర్‌కు మార్చుకోవాల. నీ ల్యాప్‌టాప్ కెర్నెల్‌లో వీసిస్‌కాల్ అనే పాత సౌకర్యం ఆపేసి ఉంటే ఆ కంటైనర్ 139 కోడ్‌తో వెంటనే చచ్చిపోతాది, బూట్ లైన్‌లో వీసిస్‌కాల్ ఎమ్యులేట్ అని పెడితే సరిపోతాది. కట్టినాక ఫైల్ లోపల ఏముందో చూపించే ఆబ్జ్‌డంప్‌కు క్యాపిటల్ టీ ఆప్షన్ ఇచ్చి జీలిబ్‌సీ అని గ్రెప్ కొట్టు, ఏ ఫంక్షన్ ఏ వెర్షన్ అడుగుతాందో లైన్ లైన్‌గా కనిపిస్తాది, మిల్లుకు పోకముందే తెలిసిపోతాది.

జీసీసీ 4.4కు జీఎన్‌యూ99 (సీ99తోపాటు జీఎన్‌యూ అదనాలు) స్టాండర్డ్ ఫ్లాగ్ ఇస్తే ఆ ఫర్ లూప్ ఎర్రర్లు పోతాయి. ఉత్త సీ99 పెట్టొద్దు, పెడితే సీఎఫ్‌మేక్‌రా లాంటి సీరియల్ పోర్ట్ ఫంక్షన్లు హెడర్లో దాక్కుంటాయి. అవి కావాలంటే కొత్త జీలిబ్‌సీకి డిఫాల్ట్ సోర్స్ మాక్రో, 2.19 కంటే పాతదానికి బీఎస్‌డీ సోర్స్ మాక్రో, రెండూ పైనే డిఫైన్ చేసి పెట్టు, ఏ గొడవా ఉండదు.

కడప_సీ

పైన చెప్పింది కరెక్టే, దాంతోపాటు ఇంకో మాట. చాలామంది లైనక్స్ అయితే ఇది, విండోస్ అయితే అది అని సిస్టమ్ పేరు చూసి ఇఫ్‌డెఫ్‌లు (కంపైల్ అప్పుడు ఏ కోడ్ తీసుకోవాలో చెప్పే షరతులు) రాస్తారు, అది నాకు అస్సలు నచ్చదు ఎందుకంటే పేరు అదే ఉంటాది గానీ లోపల మారిపోతాది. స్ట్రింగ్ కాపీ చేసే స్ట్రల్‌కాపీ ఫంక్షన్ చూడు, ఓపెన్‌బీఎస్‌డీ అనే సిస్టమ్‌లో 1998 నుంచి ఉంది, జీలిబ్‌సీలోకి 2023లో 2.38తో వచ్చింది. లైనక్స్‌లో లేదులే అని అదే పేరుతో స్టాటిక్ ఫంక్షన్ రాసుకున్న కోడ్ అంతా కొత్త డిస్ట్రోలో హెడర్‌తో కొట్లాడి కంపైల్ ఆగిపోయింది. అందుకే ఫంక్షన్ ఉందా లేదా అని మాత్రమే అడగాల. ఆటోకాన్ఫ్ అనే టూల్ చేసేది అదే, చిన్న ప్రోగ్రామ్ కట్టి లింక్ అయితాందా లేదా చూసుకుంటాది, తయారైన కాన్ఫిగర్ స్క్రిప్ట్‌కు ఎదుటి లైనక్స్ మిషన్‌లో షెల్లూ మేకూ కంపైలరూ, సెడ్, గ్రెప్ లాంటి మామూలు టూల్సూ తప్ప ఇంకేమీ అక్కర్లేదు. లేని ఫంక్షన్లకు నీ ప్రిఫిక్స్‌తో ఒక ఫైల్‌లో రాసి పెట్టు, మిగతా కోడ్ అంతా ఆ పేరుతోనే పిలవాల.

ఎక్స్‌పీ వాడికి ఎస్‌టీడీఇంట్ విజువల్ స్టూడియో 2010లో గానీ రాలేదు, టైప్‌డెఫ్‌లు నువ్వే పెట్టుకో. బఫర్‌లోకి టెక్స్ట్ రాసే ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ ఇంకా ప్రమాదం. విజువల్ స్టూడియో 2015కు ముందు అండర్‌స్కోర్‌తో మొదలయ్యేదే ఉండేది, బఫర్ నిండితే చివర సున్నా పెట్టదు. నీ చీటీలో రైతు పేరు పొడుగైతే ఆ తర్వాత మెమరీలో ఏముంటే అది ప్రింట్ అయితాది. చివరి బైట్‌లో నువ్వే సున్నా రాయి.

ఇంకోటి, పోర్ట్ తెరిచే కోడ్ లైనక్స్‌కు ఒక ఫైలు, విండోస్‌కు ఒక ఫైలు విడగొట్టు. బరువు పార్స్ చేసే కోడ్‌కు ఏ సిస్టమో తెలియనే కూడదు, బైట్లు ఇస్తే కిలోలు ఇయ్యాల, అంతే. యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే పోర్ట్ నంబర్ ఎక్కువ వస్తాది, కామ్10 నుంచి పైకి ముందర బ్యాక్‌స్లాష్ బ్యాక్‌స్లాష్ డాట్ బ్యాక్‌స్లాష్ లేకుంటే తెరుచుకోదు, అది కూడా ఆ ఫైల్లోనే ఉండనీ.

కర్నూలు_బిట్స్

రాస్ప్‌బెర్రీ పై లూప్ గురించి ఎవరూ చెప్పలే. ఫైల్ నుంచి ఒక్కో బైట్ చదివే ఎఫ్‌గెట్‌సీ ఇచ్చింది చార్‌లో పెట్టుకున్నావు కదా బ్రో? ఆర్మ్ లైనక్స్‌లో ఉత్త చార్ అన్‌సైన్డ్ (మైనస్ విలువలుండవు), ఇంటెల్‌లో సైన్డ్. ఫైల్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్ అంటే మైనస్ ఒకటి, అన్‌సైన్డ్‌లో పెడితే 255 అయితాది, ఇంక మైనస్ ఒకటితో ఎప్పటికీ కలవదు, లూప్ ఆగదు. ఇంట్‌లో పెట్టుకో.

మన తెలుగుకు ఇది ఇంకా ముఖ్యం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు మూడేసి బైట్లు, మొదటి బైట్ 224. అది ఇంటెల్‌లో చార్‌గా మైనస్ 32 అయితాది, దాన్ని అట్లనే, ఖాళీ అక్షరమా అని చూసే ఇస్‌స్పేస్‌కు ఇస్తే విజువల్ స్టూడియో డీబగ్ బిల్డ్‌లో అసర్ట్ కొట్టి ఆగిపోతాది. ఈ ఇస్ అని మొదలయ్యే ఫంక్షన్లకు ఇచ్చేటప్పుడు ప్రతిసారీ అన్‌సైన్డ్ చార్‌కు క్యాస్ట్ చెయ్యి.

ఒకటి మాత్రం నేను గట్టిగా చెప్తా, అన్ని పాతవాటినీ మోయాలని కూచోవద్దు. జడ్‌లిబ్ అనే కంప్రెషన్ లైబ్రరీ వాళ్లే 2023లో 1.3 వెర్షన్‌తో కే అండ్ ఆర్ అనే బాగా పాత సీ స్టైల్ ఫంక్షన్ రాత తీసేసినారు. ఏ సిస్టమ్ దాకా మోస్తావో ఆ గీత యాడుందో రీడ్‌మీలో రాసి పెట్టు.

ఆదోని_కాటా

అన్నలూ చాలా థాంక్స్. కంటైనర్‌లో కట్టి ఆబ్జ్‌డంప్ చూస్తే అన్నీ 2.2.5 దగ్గరే ఉండాయి, మిల్లులో లోడ్ అయింది. లూప్ కూడా ఇంట్ పెట్టంగానే ఆగింది. గీత సెంటాస్ 6, ఎక్స్‌పీ దగ్గర గీస్తా, ఆ మిల్లులు నడిచినన్నాళ్లు వదలలేను. విజువల్ స్టూడియో 2008 సీలో వేరియబుల్ డిక్లరేషన్లు బ్లాక్ మొదట్లోనే ఉండాల కాబట్టి అవన్నీ పైకి జరుపుతుండా, తప్పిపోయినవి ల్యాప్‌టాప్‌లోనే ముందుగా పట్టుకునే దారి ఏమన్నా ఉందా?

అనంతపురం_లైనక్స్

ఉంది. జీసీసీకి డిక్లరేషన్ ఆఫ్టర్ స్టేట్‌మెంట్ వార్నింగ్ ఫ్లాగ్ పెట్టి దాన్నే ఎర్రర్‌గా మార్చుకో. ఫర్ లోపలి ఇంట్‌ను అది పట్టుకోదు, దానికి సీ89 (1989 నాటి) స్టాండర్డ్ పెడాంటిక్‌తో ఇంకోసారి బరువు పార్స్ చేసే ఫైల్ ఒక్కటే కట్టి చూడు.