అప్‌డేట్: మా విద్యార్థిని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ఎవరూ ఎందుకు రాలేదో తెలిసింది

బీటెక్ మూడో ఏడాది అమ్మాయికి మెంటార్‌గా ఉన్నానని, తెలుగు మాటల్ని అక్షరాలుగా విడగొట్టే తన పైథాన్ లైబ్రరీ (వేరే ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్) గిట్‌హబ్‌లో, అంటే కోడ్ అందరితో పంచుకునే సైట్‌లో పెట్టినా ఒక్కరూ చెయ్యి వేయడం లేదని నెల కిందట ఇక్కడే అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసిన సలహా ఇది: "ఏమీ లేని సిస్టమ్‌లో, రీడ్‌మీ (ఎలా వాడాలో చెప్పే ఫైల్) చూసి తననే ఇన్‌స్టాల్ చేయమనండి." నా పాత లాప్‌టాప్ ఇచ్చి, నోరు మెదపకుండా పక్కన కూర్చున్నాను. మూడో కమాండ్ దగ్గరే ఎర్రర్. తన సొంత కంప్యూటర్‌లోని సీ డ్రైవ్ ఫోల్డర్ పాత్ (అడ్రస్) కోడ్‌లో అలాగే ఉండిపోయింది! తనే పట్టుకుంది, తనే సరిచేసింది. నేను ముందే చెప్పేసి ఉంటే ఆ ముఖంలో వెలుగు చూసేదాన్ని కాదు.

లైసెన్స్ ఫైల్ కూడా లేదు. కోడ్ అందరికీ కనబడినంత మాత్రాన వాడుకునే హక్కు ఇచ్చినట్టు కాదు కదా, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని చెప్పే ఎంఐటీ లైసెన్స్ పెట్టాం.

లోగో పెట్టడం, రస్ట్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాయడం వంటి మిగతా సలహాలతో పని పడలేదు.

పోయిన వారం మొదటి పుల్ రిక్వెస్ట్ (కోడ్‌లో ఈ మార్పు కలుపుకోండి అని బయటివాళ్లు పంపేది) వచ్చింది. లైబ్రరీలో ఒకచోట 'తెలుగు'కు 3 అక్షరాలకు బదులు 6 అని వచ్చేది. అక్కడ వాడిన, పొడవు లెక్కపెట్టే పైథాన్ లెన్ ఫంక్షన్ గుణింతపు గుర్తుల్నీ విడిగా లెక్కపెడుతుంది. దాన్ని ఎవరో సరిచేసి పంపారు. రివ్యూ రాసి మెర్జ్ చేసింది (అసలు కోడ్‌లో కలిపింది) మా అమ్మాయే.