ఐజెమ్‌కు వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మాది నల్లగొండ, ఫ్లోరైడ్ మీద చేయాలని ఉంది

నల్లగొండ ఎమ్మెస్సీ:
అందరికీ నమస్తే. నేను బయోటెక్నాలజీ మొదటి సంవత్సరం. ఆరుగురం కలిసి ఐజెమ్ పోటీకి టీమ్ కట్టాలనుకుంటున్నాం. జీవకణాల్లో జన్యువులు మార్చి కొత్త పనులు చేయించే ప్రాజెక్టులతో విద్యార్థులు పాల్గొనే అంతర్జాతీయ పోటీ ఇది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే నీలం రంగుకు మారే బ్యాక్టీరియాను తయారు చేయాలన్నది ఆలోచన. మా అమ్మమ్మది మర్రిగూడ మండలం. ఆమె నడుము వంగింది వయసు వల్ల కాదు, నీళ్ల వల్ల. అందుకే వేరే అంశం మీదికి మనసు పోవడం లేదు. మాది చిన్న ల్యాబ్, డీఎన్‌ఏకు నకళ్లు తీసే పీసీఆర్ మెషిన్ ఒక్కటే ఉంది. పెద్ద సంస్థలకే పతకాలు వస్తాయని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?

దేవరకొండ అబ్బాయి:
చెల్లీ, నేను వేరే రాష్ట్రంలో చదివాను, మా టీమ్‌కు వెండి పతకం వచ్చింది. ముందు ఒక అపోహ తీరుస్తాను. ఐజెమ్‌లో పతకం ర్యాంకు కాదు. ఇంటర్‌లో ఫస్ట్ క్లాస్ లాంటిది, షరతులు తీర్చిన టీములన్నిటికీ వస్తుంది. ట్రోఫీలు, ప్రత్యేక బహుమతులకే పోటీ. 2003లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఒక కోర్సుగా మొదలైంది, 2004లో ఐదు టీములతో పోటీ అయింది. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వందల టీములు వస్తాయి. 2022 నుంచి చివరి సమావేశం పారిస్‌లో జరుగుతోంది.

ఇక ల్యాబ్ సంగతి. జులైలో మూడు వారాలపాటు మేం బ్యాక్టీరియా పెంచే ప్లేట్లన్నీ ఖాళీ. పొద్దున ఏడింటికే ఇంక్యుబేటర్ తలుపు తీసి, ప్లేటును ట్యూబులైటుకు ఎత్తి పట్టుకుని చూసేవాళ్లం. అడుగున పోసిన అగర్ జెల్లీ తప్ప ఏమీ కనిపించేది కాదు. ఒక రాత్రి కరెంటు పోయి, ఫ్రీజర్‌లోని కాంపిటెంట్ కణాలు, అంటే బయటి డీఎన్‌ఏను తీసుకునేలా సిద్ధం చేసిన బ్యాక్టీరియా, కరిగి మళ్లీ గడ్డకట్టి పాడయ్యాయని తర్వాత తెలిసింది. ఆ మూడు వారాలూ తేదీలతో సహా నోట్‌బుక్‌లో రాసిపెట్టాం. జడ్జీలు గెలిచిన ప్రయోగాల కన్నా ఆ పేజీల గురించే ఎక్కువ అడిగారు.

బంగారం ఎందుకు పోయిందో కూడా చెప్తాను. మాది పత్తి చేలలో పురుగుమందు అవశేషాలను పట్టే ప్రాజెక్టు. రైతుల దగ్గరికి సెప్టెంబరులో వెళ్లాం. అప్పటికే డిజైన్ అయిపోయింది. 'రైతులు చెప్పినదాని వల్ల మీ డిజైన్‌లో ఏం మారింది?' అని జడ్జి అడిగారు. నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మీరు ఆ తప్పు చేయకండి, మొదటి నెలలోనే ఊళ్లోకి పోండి.

పాలమూరు లెక్చరర్:
అమ్మా, అంశం బాగుంది కానీ ముందు ఒక ప్రశ్నకు జవాబు వెతుక్కోండి. ఫ్లోరైడ్‌కు రసాయన కిట్లు ఉండగా బ్యాక్టీరియా ఎందుకు? నాకు తెలిసిన ఒక జవాబు మీ జిల్లా పేరుతోనే ఉంది. నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీస్తారు కదా. అలా శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం మిగిలితే, స్పాడ్న్స్ అనే రసాయనంతో చేసే రంగు పరీక్ష ఫ్లోరైడ్‌ను తక్కువ చేసి చూపిస్తుంది.

బ్యాక్టీరియా వైపు చూస్తే, 2012లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్‌ను గుర్తుపట్టి జన్యువును పని చేయించే ఆర్‌ఎన్‌ఏ స్విచ్‌ను బయటపెట్టారు. ఆర్‌ఎన్‌ఏది రుణావేశం, ఫ్లోరైడ్‌దీ రుణావేశమే. మరి ఎలా పట్టుకుంటుంది? మధ్యలో మూడు మెగ్నీషియం అయాన్లు నిలబడి దాన్ని పట్టి ఉంచుతాయి. ఇది మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అయితే ల్యాబుల్లో మామూలుగా వాడే ఈ.కోలై బ్యాక్టీరియా తనలోకి వచ్చిన ఫ్లోరైడ్‌ను బయటికి తోసేస్తుంది. ఆ పని చేసే జన్యువును తీసేయకపోతే మన నీళ్లలో ఉండే మోతాదుకు మీ సెన్సర్ పలకదు.

ఇంకో మాట. జన్యుమార్పిడి చేసిన బతికున్న బ్యాక్టీరియాను ఊళ్లోకి తీసుకుపోవడానికి ఐజెమ్ ఒప్పుకోదు, మన దేశంలో 1989 నిబంధనలూ అనుమతి లేకుండా ఒప్పుకోవు. కణం లేకుండా, దాని లోపలి సరంజామాను మాత్రమే ఎండబెట్టి వాడే పద్ధతి ఉంది. 2020లో అమెరికా పరిశోధకులు ఈ స్విచ్‌తోనే అలా చేసి, కోస్టారికా పల్లెల్లో నీళ్లు పరీక్షించారు. దారి అదే అనుకుంటాను. నీళ్లు మాత్రం ప్లాస్టిక్ సీసాల్లోనే పట్టండి, ఫ్లోరైడ్‌కు గాజు పనికిరాదు.

మర్రిగూడ దగ్గరి ఊరు:
మీ మాటల్లో సగం నాకు అర్థం కాలేదు, అయినా రాయాలనిపించింది. భగీరథ నీళ్లు వచ్చాక తాగడానికి నల్లా నీళ్లే వాడుతున్నాం. పైపు పగిలి రెండు రోజులు రాకపోతే మాత్రం మళ్లీ బోరే దిక్కు. అప్పుడు ఏ బోరు నీళ్లు పిల్లలకు పోయొద్దో తెలిస్తే చాలు.

ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు. మా ఊళ్లకు వచ్చి వంకర కాళ్ల ఫొటోలు తీసుకుని పోయినవాళ్లు చాలామంది. ఫలితం చెప్పడానికి తిరిగి వచ్చినవాళ్లను నేను చూడలేదు. మా నాన్న ఫొటో ఏ పేపర్లో పడిందో కూడా మాకు తెలియదు. మీ పోటీ పేజీలో అలాంటి ఫొటోలు పెట్టకండి.

నల్లగొండ ఎమ్మెస్సీ:
అన్నా, పెట్టం. ఈ మాట మా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాం.

దేవరకొండ అబ్బాయి:
ఖర్చు సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. రిజిస్ట్రేషన్ ఫీజే వేల డాలర్లు, పారిస్ టికెట్లు, వీసాలు వేరే. మాకు పూర్వ విద్యార్థులు సగం ఇచ్చారు. ఎవరు ఏ పని చేశారో రాసే పేజీ ఒకటి ఉంటుంది, దాన్ని చివరిరోజుకు వదలొద్దు. మా టీమ్‌లో స్నేహాలు అక్కడే చెడ్డాయి.

నల్లగొండ ఎమ్మెస్సీ:
మొన్న ఆదివారం నలుగురం అమ్మమ్మ వాళ్ల ఊరికి పోయాం. సార్ చెప్పినట్టే ప్లాస్టిక్ సీసాల్లో ఐదు బోర్ల నీళ్లు పట్టాం. రంగు ఎంత ముదిరితే ఫ్లోరైడ్ అంత ఎక్కువ, ఐదు ఛాయలు పెడతామని ఒక పెద్దమ్మకు వివరించాను. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ విని, 'ఐదు ఎందుకు బిడ్డా, తాగొచ్చా తాగొద్దా అది చెప్పు. నీలం ఎందుకు, వద్దంటే ఎరుపు కదా' అంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఒకే రంగు, అదీ ఎరుపు. అలా మార్చాలని అక్కడ అరుగు మీదే అనుకున్నాం. సార్, ఎరుపుకు ఏది వాడొచ్చు?

పాలమూరు లెక్చరర్:
ఫ్లోరైడ్ ఉంటే లాక్‌జెడ్ అనే ఎంజైమ్ తయారయ్యేలా పెట్టి, సీపీఆర్‌జీ అనే రసాయనం కలిపి చూడండి. పసుపు నుంచి ఎరుపుకు మారుతుంది. దేవరకొండ బాబును జడ్జి అడిగిన ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంది, ఆ పెద్దమ్మ అన్న మాటను తేదీ వేసి రాసిపెట్టండి.

నల్లగొండ ఎమ్మెస్సీ:
రాశాం సార్. ఐదు సీసాల ఫలితాలు రాగానే ముందు ఊరికి పోయి చెప్పి వస్తాం, ఆ తర్వాతే ఇక్కడ పెడతాం.