ల్యాన్యార్డ్ తోక హార్నెస్ మీద ఎక్కడ సర్దుతున్నారు?

కొమ్మకోత: చెట్టెక్కి కొమ్మలు కోసేటప్పుడు మాను చుట్టూ తిప్పి హార్నెస్‌కి (ఒంటికి కట్టుకునే పట్టీల బెల్టు) తగిలించుకునే తాడు, అదే ల్యాన్యార్డ్, నాది 4 మీటర్లది. 12 మి.మీ. తాడు, ప్రూసిక్‌తో (తాడు మీద చుట్టే చిన్న తాడు ముడి; చేత్తో జరిపితే జరుగుతుంది, బరువు పడితే బిగుస్తుంది) పొడవు సర్దుకునే రకం. పైకి పోయేకొద్దీ మాను సన్నబడి, మిగిలిన తోక రెండు మీటర్ల దాకా వేలాడుతోంది, పంగల్లో ఇరుక్కుంటోంది. గేర్ లూప్‌కి (హార్నెస్ మీద సామాన్లు తగిలించే చుట్టు) చుట్టేస్తే విప్పడానికి రెండు చేతులూ కావాలి. మీరేం చేస్తున్నారు?

చింతతోపు: చుట్టొద్దండి. నడుం వెనకాల చిన్న సంచీ తగిలించి తోకని అందులోకి చేత్తో కుక్కేయండి. ముందు చివరి ముడి అడుగుకి పోవాలి, ఆఖర్న కుక్కింది ముందు బయటికొస్తుంది. చుట్టలు చుట్టి పెడితే మెలికలు పడతాయి, కుక్కితే పడవు. సంచీ లేకపోతే తోకని మధ్యలో మడిచి, ఆ మడతని చిన్న క్లిప్‌తో వెనక గేర్ లూప్‌కి తగిలించండి. ఒక్క చేత్తో లాగితే చాలు.

చివర డబుల్ ఫిషర్‌మన్ ముడి మాత్రం తప్పనిసరి. అది లేకుండా పొడవు వదులుతూ పోతే తోక ప్రూసిక్‌లోంచి జారిపోతుంది, మనిషీ దానితో పాటే.

రంపంపొట్టు: ఏ పక్కన పెడతారన్నదీ చూసుకోండి. మోటారు రంపం కుడి వెనక వేలాడేవాళ్లు తోకని ఎడమకి మార్చాలి. స్టీల్ కోర్ (లోపల ఉక్కు తీగ ఉన్న) ల్యాన్యార్డ్ ఉంది కదా అని ధీమా వద్దు. అది కోతని కాసేపు తట్టుకుంటుందంతే, పైగా కరెంటు తీగల దగ్గర అసలు పనికిరాదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇది: వాడనప్పుడు ల్యాన్యార్డ్ కారబైనర్‌ని (గేటున్న లోహపు కొక్కెం) డి-రింగ్ (హార్నెస్ మీద మనిషి బరువు మోసే రింగు) పక్కనున్న గేర్ లూప్‌కి తగిలించే అలవాటు. తొందరలో దాన్నే డి-రింగ్ అనుకుని వెనక్కి వాలతారు. గేర్ లూప్ సామాన్లకే, మనిషి బరువుకి కాదు. తగిలించాక కళ్లతో చూడాలి, గేటు లాక్ పడిందో లేదో నొక్కి చూడాలి, పాత తాడు విప్పకముందే కొత్తదాని మీద కొద్దిగా బరువు వేసి చూడాలి.

మోకుతాడు: తాటి మీద లెక్క వేరన్నా. పంగలుండవు గానీ మట్టల అంచు కరుకు రంపంలా ఉంటుంది. వేలాడే తోక దానికి రాసుకుని పైపొర లేచిపోతుంది. 2024 జులైలో తెలంగాణలో గీత కార్మికులకి కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలైన దగ్గర్నుంచి మా వైపు ఇది ఎక్కువగా చూస్తున్నాం. లోపలి పోగులు కనబడితే ఆ తాడు ఇక చెట్టెక్కకూడదు.

కొమ్మకోత: సంచీ పద్ధతే నయం అనిపిస్తోంది. వేప బంక అంటి ప్రూసిక్ కదలకుండా పోతోంది, దానికేం చేస్తారు?

చింతతోపు: గోరువెచ్చని నీళ్లు, తేలిక సబ్బు, నీడలో ఆరబెట్టడం. పెట్రోలు, థిన్నర్ తగలనివ్వొద్దు. ప్రూసిక్ తాడు నున్నగా మెరుస్తుంటే అది బంక కాదండీ, రాపిడి వేడికి కరిగిన గుర్తు. కడగడం దండగ, కొత్తది వేయండి.