ఫ్లూ టీకా, నార్కోలెప్సీ: పాండెమ్‌రిక్స్ సంగతి మిగతా టీకాలకూ వర్తిస్తుందా?

శ్రావణి_పిల్లలవార్డు (ప్రశ్న):
ఫ్లూ టీకా వేయిస్తే పిల్లలకు పగలంతా నిద్రపోయే జబ్బు వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. 2010లో ఫిన్లాండ్, స్వీడన్‌లలో పాండెమ్‌రిక్స్ అనే ఫ్లూ టీకా తర్వాత ఆ నిద్ర జబ్బు, అంటే నార్కోలెప్సీ, కేసులు పెరిగిన మాట నిజమే. తప్పు టీకాలోని వైరస్ భాగానిదా, దానికి కలిపిన అడ్జువెంట్‌దా (టీకా ప్రభావాన్ని పెంచే పదార్థం)? మన దగ్గర ఏటా వేసే టీకాకు ఆ భయం ఉందా? తల్లిదండ్రులకు ఏం చెప్పాలి?

ఇమ్యునో_రఘు:
తల్లిదండ్రులు అడిగేది రెండోదే కాబట్టి ముందు అదే చెబుతాను. ఆ భయం ఏటా వేసే టీకాకు వర్తించదు. పాండెమ్‌రిక్స్ 2009 హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) కోసం ప్రత్యేకంగా చేసిన టీకా. డోసులో హీమాగ్లుటినిన్ (వైరస్ పైపొర ప్రొటీన్) 3.75 మైక్రోగ్రాములే. అంత కొద్దిపాటితో పని జరగాలని ఏఎస్03 అనే అడ్జువెంట్ కలిపారు. అందులో ఉండేవి స్క్వాలీన్, విటమిన్ ఇ, పాలిసార్బేట్ 80. మన పిల్లలకు వేసే మామూలు సీజనల్ ఇంజెక్షన్‌లో ఒక్కో స్ట్రెయిన్‌కు (వైరస్ రకానికి) 15 మైక్రోగ్రాములుంటుంది, అడ్జువెంట్ ఉండదు.

మొదటి ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. అడ్జువెంటే కారణమైతే, అదే ఏఎస్03తో కెనడాలో వేసిన అరెపాన్‌రిక్స్ టీకా తర్వాత కూడా కేసులు ఫిన్లాండ్ స్థాయిలో పెరగాలి. కానీ అక్కడి క్యూబెక్ రాష్ట్రంలో కనిపించిన పెరుగుదల చాలా తక్కువ. అటు బీజింగ్‌లో 2009-10 శీతాకాలపు ఫ్లూ తర్వాత కొత్త కేసులు మూడు రెట్లయ్యాయి, ఆ రోగుల్లో చాలామంది టీకానే వేయించుకోలేదు. అంటే వైరస్ ఒక్కటే కూడా ఆ పని చేయగలదేమో. వాట్సాప్ సందేశాలు వదిలేసేది సరిగ్గా ఈ ముక్కనే.

కెటాప్లెక్సీ (మెలకువలోనే ఉన్నట్టుండి కండరాల పట్టు సడలిపోవడం) ఉన్న నార్కోలెప్సీ రోగుల్లో దాదాపు అందరికీ హెచ్‌ఎల్‌ఏ-డీక్యూబీ1*06:02 అనే జీన్ రకం ఉంటుంది. అయితే యూరప్‌లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ సుమారు ఐదో వంతు మందికి అదే ఉంది. అందుకే టీకాకు ముందు ఈ జీన్ పరీక్ష చేయించడం వృథా. మెదడులోని హైపోథాలమస్‌లో హైపోక్రెటిన్ (మనల్ని మెలకువగా ఉంచే రసాయనం) తయారుచేసే కణాలు నశించడమే జబ్బు. హైపోక్రెటిన్‌ను గుర్తుపట్టే సీడీ4 టీ కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) రోగుల్లో ఉన్నాయని 2018లో తేలింది. వైరస్ ముక్కకూ హైపోక్రెటిన్‌కూ పోలిక ఉందని 2013లో వచ్చిన ఒక పరిశోధన మాత్రం ఫలితాలు మళ్లీ రాకపోవడంతో 2014లో ఉపసంహరించారు. దాన్ని ఇప్పటికీ రుజువుగా పంచుతున్నారు, జాగ్రత్త.

నిద్రల్యాబ్_కె:
ముప్పు ఎంతో కూడా చెప్పాలి. ఫిన్లాండ్‌లో 4 నుంచి 19 ఏళ్లవాళ్లలో పాండెమ్‌రిక్స్ వేయించుకున్న సుమారు 16,000 మందికి ఒక కేసు అదనంగా వచ్చింది. చిన్న సంఖ్యే కావచ్చు, జబ్బు మాత్రం జీవితాంతం ఉంటుంది. 2011లో యూరప్ మందుల సంస్థ 20 ఏళ్లలోపువాళ్లకు వేరే టీకా దొరక్కపోతేనే పాండెమ్‌రిక్స్ వాడమంది.

పిల్లల్లో ఈ జబ్బును గుర్తించలేకపోయేది తొలిదశలోనే. నవ్వితే మోకాళ్లు జారిపోవడం పెద్దల్లో కనిపించే లక్షణం. పిల్లల్లో ఏ భావోద్వేగమూ లేకుండానే ముఖం వాలిపోయి, నోరు తెరుచుకుని, నాలుక బయటికొస్తుంది. దాన్ని ఫిట్స్ అనుకుంటారు. అదే సమయంలో బరువు వేగంగా పెరగడం ఇంకో గుర్తు.

అనుమానం వస్తే రెండు వారాలు నిద్ర డైరీ రాయించండి. తర్వాత రాత్రంతా పాలీసోమ్నోగ్రఫీ (నిద్రను యంత్రాలతో నమోదు చేసే పరీక్ష), మర్నాడు ఎమ్మెస్సెల్టీ (పగటి కునుకుల పరీక్ష). రెండు గంటలకోసారి ఐదు కునుకులు, సగటున 8 నిమిషాల్లోపు నిద్ర పట్టి, కనీసం రెండుసార్లు నిద్ర పట్టగానే రెమ్ (కలలొచ్చే నిద్ర) రావాలి (ముందు రాత్రి నమోదైన ఒకటీ లెక్కలోకొస్తుంది). రాత్రి ఆరు గంటలైనా నిద్రపోకపోతే ఫలితాన్ని నమ్మకండి. డిప్రెషన్ మందులు రెమ్‌ను అణిచేస్తాయి, డాక్టర్ పర్యవేక్షణలో రెండు వారాల ముందే ఆపాలి. ఫ్లూయాక్సెటిన్‌కైతే ఇంకా ఎక్కువ గడువు కావాలి. తేలకపోతే వెన్ను నీటిలో హైపోక్రెటిన్ చూస్తారు, మిల్లీలీటరుకు 110 పికోగ్రాములు లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఖాయం.

శ్రావణి_పిల్లలవార్డు:
చాలా థాంక్సండీ. ఇప్పటికే నార్కోలెప్సీ ఉన్న పిల్లవాడికి సీజనల్ టీకా వేయొచ్చా?

ఇమ్యునో_రఘు:
అడ్జువెంట్ లేని చంపిన వైరస్ టీకాను ఆ జబ్బు పేరుతో ఆపక్కర్లేదు. పాండెమ్‌రిక్స్ తర్వాతే జబ్బు మొదలైన పిల్లలైతే న్యూరాలజిస్టుతో మాట్లాడి వేయండి. టీకా కార్డులో ‘ఫ్లూ టీకా’ అని వదిలేయకుండా కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, తేదీ రాయండి. టీకా రికార్డులనూ ఆసుపత్రి రికార్డులనూ జతచేసి చూడగలిగారు కాబట్టే ఫిన్లాండ్‌వాళ్లు తేడాను లెక్కగట్టగలిగారు.