పేరు ఒకటే అయినా ప్రవర్తన వేరు: ఎంజీ1655 స్టాకులకు మళ్లీ జీనోమ్ సీక్వెన్సింగ్ అవసరమా?

ప్రశ్న – పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

అందరికీ నమస్కారం. నేను సూక్ష్మజీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇ. కోలి బ్యాక్టీరియాకు చెందిన, ల్యాబ్‌లలో వాడే కె-12 ఎంజీ1655 అనే స్ట్రెయిన్‌లో (ఉపరకంలో) ఒక జన్యువును తొలగించి, దానివల్ల కణాల చలనంలో ఏ మార్పు వస్తుందో పరిశీలించడం నా పని. మెత్తటి అగర్ ప్లేటు మీద నా మ్యూటెంట్ (జన్యువు తొలగించిన రకం) మాతృ స్ట్రెయిన్ కంటే చాలా వెడల్పుగా పాకింది. అయితే తొలగించిన జన్యువును ప్లాస్మిడ్ (కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) ద్వారా తిరిగి అందించినా ఆ వేగం తగ్గలేదు. దీనికి తోడు, మా ఫ్రీజర్‌లోని ఎంజీ1655, పక్క ల్యాబ్ నుంచి తెచ్చుకున్న ఎంజీ1655 ఒకే రకంగా పాకడం లేదు. గ్లిసరాల్ మాత్రమే ఆహారంగా ఉన్న మినిమల్ మీడియంలో వాటి పెరుగుదల కూడా వేరువేరుగా ఉంది. అన్నింటినీ పూర్తి జీనోమ్ సీక్వెన్సింగ్‌కు పంపమని మా గైడ్ గారు అంటున్నారు. ఈ స్ట్రెయిన్ జన్యుక్రమం 1997లోనే ప్రచురితమైంది కదా, మళ్లీ చేయించడం వల్ల కొత్తగా తెలిసేది ఏమిటి? చేయించాల్సి వస్తే మ్యూటెంట్‌ను మాత్రమే పంపితే సరిపోతుందా?

సమాధానం 1 – సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు

అమ్మా, మీ గైడ్ గారు చెప్పింది సరైన మాట. 1997లో విస్కాన్సిన్‌లోని బ్లాట్నర్ బృందం ప్రచురించినది తమ చేతిలో ఉన్న ఒక స్టాకు జన్యుక్రమాన్ని. మీ ఫ్రీజర్‌లోని వయల్ మీద అదే పేరు రాసి ఉన్నంత మాత్రాన లోపల అదే జన్యుక్రమం ఉన్నదని చెప్పలేం. ఆ పేరు ఏ వంశం నుంచి వచ్చిందో మాత్రమే చెబుతుంది.

ఆ వంశం చరిత్ర తెలిస్తే మీ సందేహం చాలావరకు తీరుతుంది. కె-12ను 1922లో, డిఫ్తీరియా నుంచి కోలుకుంటున్న ఒక రోగి మలం నుంచి వేరుచేసి స్టాన్‌ఫర్డ్‌లో భద్రపరిచారు. 1940లలో ఎడ్వర్డ్ టేటమ్ దాన్ని జన్యుపరిశోధనకు ఎంచుకునే వరకు అది అగర్ మాధ్యమంలో, ఒక గొట్టం నుంచి మరొక గొట్టానికి మారుతూ బతికింది. 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ బ్యాక్టీరియాలో సంయోగాన్ని (కణం నుంచి కణానికి జన్యువుల బదిలీని) కనుగొన్నది ఈ వంశంతోనే. ఆ తరువాత లాంబ్డా ఫాజ్ అనే వైరస్‌ను వదిలించడానికి అతినీలలోహిత కిరణాలు, ఎఫ్ ప్లాస్మిడ్‌ను వదిలించడానికి అక్రిడిన్ ఆరెంజ్ ప్రయోగించగా మిగిలినదే ఎంజీ1655. ఇన్ని దశల్లో ఎవరూ కోరుకోని, ఎవరి కంటా పడని ఉత్పరివర్తనాలు చేరడం సహజం.

వాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆర్‌పీహెచ్ జన్యువులోనిది. ఆ జన్యువు చివరి భాగంలో ఒకే ఒక్క క్షారజంట (డీఎన్‌ఏలోని ఒక అక్షరం) లోపించింది. దానివల్ల జన్యువును చదివే చట్రం మారి, అనువాదం (ప్రొటీన్ తయారీ) ముందుగానే ఆగిపోతుంది. రైబోజోమ్ వెంట లేని ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ తరువాతి పైర్‌ఈ జన్యువును చేరకుండానే ఎక్కువసార్లు ముగింపు సంకేతం దగ్గర ఆగుతుంది. పైర్‌ఈ ఎంజైమ్ తగ్గితే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల తయారీకి కావలసిన పిరిమిడిన్లు కణానికి చాలవు. ఈ విషయాన్ని 1993లో కోపెన్‌హేగెన్‌లోని కాయ్ ఫ్రాంక్ యెన్సెన్ బయటపెట్టారు. ఎంజీ1655, డబ్ల్యూ3110 అనే రెండు ‘సహజ’ కె-12 స్ట్రెయిన్లలోనూ ఈ లోపం ఉంది. యురాసిల్ అనే పిరిమిడిన్ లేని మినిమల్ మీడియంలో అవి 10–15 శాతం నెమ్మదిగా పెరుగుతాయి. ఎల్‌బీ వంటి సంపన్న మీడియంలో ఈ తేడా కనిపించదు కాబట్టే అంతకాలం అది దాగి ఉండగలిగింది.

దీని పర్యవసానం చిన్నది కాదు. ఎంజీ1655ను మినిమల్ మీడియంలో చాలా తరాలపాటు పెంచిన పరిణామ ప్రయోగాలలో తరచుగా వచ్చిన ఉత్పరివర్తనాలలో ఒకటి, ఆర్‌పీహెచ్, పైర్‌ఈ జన్యువుల మధ్య 82 క్షారజంటలు ఊడిపోవడం. ఆ మార్పు పైర్‌ఈ ఉత్పత్తిని తిరిగి పెంచుతుంది. అంటే అక్కడ బ్యాక్టీరియా కొత్త పరిసరానికి అలవాటు పడడంతోపాటు, ల్యాబ్‌లో తనకు జరిగిన పాత నష్టాన్ని కూడా సరిచేసుకుంటున్నది. మాతృ స్ట్రెయిన్ లోపం తెలియని పరిశోధకుడు దీన్నంతా అనుకూలనం అనే రాసుకుంటాడు.

అలాగే డబ్ల్యూబీబీఎల్ జన్యువులో ఐఎస్5 అనే, జీనోమ్‌లో చోటు మారే డీఎన్‌ఏ మూలకం దూరడం వల్ల కె-12 తన ఓ-యాంటిజెన్‌ను (కణం పైపొర మీది చక్కెర గొలుసును) కోల్పోయింది. ఆ జన్యువును సరిచేసిన కె-12, సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే సూక్ష్మ పురుగును చంపగలిగిందని 2013లో ఒక పరిశోధక బృందం చూపింది. ‘నిరపాయమైన ల్యాబ్ బ్యాక్టీరియా’ అని మనం పాఠాల్లో చెప్పే గుణం కొంతవరకు ఈ విరిగిన జన్యువు చలవే.

ఇక మీ స్టాకుల సంగతి. ఎఫ్‌ఎల్‌హెచ్‌డీసీ అనేది కశాభాల (కణాన్ని కదిలించే తోకల) తయారీని మొదలుపెట్టే ప్రధాన నియంత్రకం. దాని ఎగువ భాగంలో ఐఎస్1 గాని ఐఎస్5 గాని దూరితే చలనం బాగా పెరుగుతుందనీ, ఎంజీ1655 పేరుతో ఉన్న స్టాకుల మధ్యే ఈ తేడా ఉందనీ చాలాకాలంగా తెలుసు. మెత్తటి అగర్ ఇటువంటి కణాలను తానే ఎంచి పెడుతుంది, ఎందుకంటే వేగంగా పాకేవే అంచుకు ముందు చేరుతాయి. గ్లిసరాల్ తేడాకూ ఒక పూర్వోదాహరణ ఉంది: 2012లో ఫ్రెడొలినో తదితరులు, విస్తృతంగా వాడుకలో ఉన్న ఎంజీ1655 స్టాకులలో ప్రామాణిక జన్యుక్రమంలో లేని ఏడు ఉత్పరివర్తనాలను కనుగొన్నారు. వాటివల్ల జీఎల్‌పీఆర్, సీఆర్‌ఎల్ జన్యువులు పనిచేయకుండా పోయే అవకాశం ఎక్కువ. జీఎల్‌పీఆర్ గ్లిసరాల్ వినియోగాన్ని అదుపులో ఉంచే నియంత్రకం కనుక, మీ రెండు స్టాకుల తేడా అక్కడే ఉండవచ్చు.

సమాధానం 2 – బయోఇన్ఫర్మేటిక్స్ విశ్లేషకురాలు

పై సమాధానానికి కొన్ని ఆచరణ విషయాలు చేరుస్తాను. మ్యూటెంట్‌ను ఒక్కదాన్నే పంపితే డబ్బు వృథా అవుతుంది. మీరు ఏ వయల్ నుంచి ఆ తొలగింపు చేశారో ఆ మాతృ స్ట్రెయిన్, మ్యూటెంట్, పక్క ల్యాబ్ స్టాకు, మూడింటినీ ఒకేసారి పంపండి. అన్నింటినీ ప్రామాణిక జన్యుక్రమంతో పోల్చి, ఆ తరువాత మాతృ స్ట్రెయిన్‌లో ఇప్పటికే ఉన్న తేడాలను మ్యూటెంట్ తేడాల నుంచి తీసివేయాలి. మిగిలినవే మీ చేతుల్లో జరిగిన మార్పులు.

ప్రామాణిక జన్యుక్రమం విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1997 నాటి మొదటి వెర్షన్‌ను డబ్ల్యూ3110తో పోల్చినప్పుడు చిన్న తేడాలు 251 చోట్ల కనిపించాయి. 2006లో వాటన్నింటినీ పీసీఆర్ చేసి మళ్లీ చదివితే నిజమైన తేడాలు 8 మాత్రమే అని, మిగతా 243 తొలి ప్రచురణలోని పొరపాట్లని తేలింది. కాబట్టి సవరించిన తాజా వెర్షన్‌నే డౌన్‌లోడ్ చేసుకోండి.

జీనోమ్ సుమారు 46 లక్షల క్షారజంటలు కనుక, 100 రెట్ల కవరేజీకి (ప్రతి స్థానాన్ని సగటున 100 సార్లు చదవడానికి) ఒక్కో నమూనాకు 46 కోట్ల క్షారాల డేటా చాలు. ఇల్యూమినా యంత్రం ఇచ్చే పొట్టి రీడ్లతో (ఒక్కసారికి చదివిన డీఎన్‌ఏ ముక్కలతో) ఒక్క క్షారపు మార్పులు స్పష్టంగా దొరుకుతాయి. ఐఎస్ మూలకాల కాపీలు జీనోమ్‌లో చాలాచోట్ల ఉంటాయి కనుక వాటి కొత్త స్థానాలను మామూలు వేరియంట్ కాలర్లు (తేడాలను గుర్తించే ప్రోగ్రాంలు) వదిలేస్తాయి. రీడ్‌లో సగం ఒకచోట, సగం మరోచోట అతికే సంధులను వెతికే బ్రెసెక్ వంటి ప్రోగ్రాం వాడండి. డబ్ల్యూ3110లో ఉన్నటువంటి, రెండు రైబోజోమల్ ఆపెరాన్ల మధ్య భాగం తలకిందులైన మార్పును పొట్టి రీడ్లు చూపలేవు, దానికి నానోపోర్ వంటి పొడవు రీడ్లు కావాలి. డీఎన్‌ఏను ఒకే కాలనీ నుంచి పెంచిన కల్చర్ నుంచి తీయండి, అదే కల్చర్‌లో కొంత భాగాన్ని గ్లిసరాల్‌తో మైనస్ 80 డిగ్రీల వద్ద దాచండి. లేకపోతే మీరు చదివిన జీనోమ్ ఒకటి, రేపు ప్రయోగంలో వాడే కణం మరొకటి అవుతుంది.

సమాధానం 3 – క్షయ పరిశోధకుడు

నేను మైకోబ్యాక్టీరియా మీద పనిచేస్తాను. మా రంగంలో ఈ సమస్య ఇంకా తీవ్రమైనది. ప్రపంచమంతా వాడే క్షయ బ్యాక్టీరియా స్ట్రెయిన్ హెచ్37ఆర్‌వీకి మూలం, 1905లో న్యూయార్క్ రాష్ట్రంలోని సారనాక్ లేక్ శానటోరియంలో 19 ఏళ్ల రోగి నుంచి వేరుచేసిన హెచ్37. 2010లో ఆరు ల్యాబ్‌ల హెచ్37ఆర్‌వీ స్టాకులను సీక్వెన్సింగ్ చేసి చూస్తే వాటి మధ్య తేడాలు బయటపడ్డాయి. అసలు ప్రమాదం పీడీఐఎం అనే కణకవచ లిపిడ్‌తో వస్తుంది. దాన్ని తయారుచేసే జన్యువులు పాడైన కణాలు ల్యాబ్ మీడియంలో కాస్త వేగంగా పెరిగి మిగతావాటిని మించిపోతాయి, కానీ ఎలుకలలో అవి బలహీనమైనవి. ఒక పరిశోధకుడు ఏదో జన్యువును తొలగించి, ‘వ్యాధికారక శక్తి తగ్గింది’ అని చూపినప్పుడు, తగ్గడానికి కారణం ఆ తొలగింపా, లేక ఈలోగా పోయిన పీడీఐఎమా అని అడగక తప్పదు.

అయితే ఒక హెచ్చరిక చేయాలి. సీక్వెన్సింగ్ తేడాను చూపుతుంది, కారణాన్ని నిరూపించదు. ఎఫ్‌ఎల్‌హెచ్‌డీసీ ఎగువన ఐఎస్ కనిపించగానే విషయం తేలిపోయిందని రాయకూడదు. ఆ ఒక్క మార్పునే శుభ్రమైన మాతృ స్ట్రెయిన్‌లో సృష్టించి, చలనం పెరిగిందో లేదో చూడాలి. ప్లాస్మిడ్ మీది జన్యువు అసలు వ్యక్తమైందా అన్నది కూడా ముందు తేల్చుకోండి, ఎందుకంటే కాంప్లిమెంటేషన్ (జన్యువును తిరిగి అందించి పాత గుణాన్ని తేవడం) విఫలం కావడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ప్లాస్మిడ్ మీది జన్యువు వ్యక్తమవుతున్నదని వెస్టర్న్ బ్లాట్‌లో ముందే చూశాను. మా ఫ్రీజర్ స్టాకు చాలాకాలం గది ఉష్ణోగ్రతలో అగర్ స్టాబ్‌గా (అగర్‌లో గుచ్చి నాటిన కల్చర్‌గా) ఉండి, తరువాతే ఫ్రీజర్‌కు చేరిందని ఇప్పుడు తెలిసింది. అలా ఉంచడం వల్ల కూడా ఉత్పరివర్తనాలు చేరుతాయా? సీక్వెన్సింగ్ ఫలితాలు వచ్చేలోగా నేను చేయగలిగిన పరీక్ష ఏదైనా ఉందా?

సమాధానం 4 – సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు

తప్పకుండా చేరుతాయమ్మా. ఆహారం అయిపోయిన కల్చర్‌లో కణాలన్నీ నిద్రపోతూ ఉండవు. కొన్ని చనిపోతూ ఉంటే, వాటి నుంచి వచ్చిన పోషకాలతో మరికొన్ని పెరుగుతాయి. ఆ స్థితిలో, ఒత్తిడిని తట్టుకునే స్పందనను నడిపే ఆర్‌పీఓఎస్ జన్యువు దెబ్బతిన్న కణాలకు అనుకూలత ఉంటుందని 1993లో కోల్టర్ బృందం చూపింది. సాల్మొనెల్లా ఎల్‌టీ2 స్ట్రెయిన్‌లోనూ ఆర్‌పీఓఎస్ ప్రారంభ కోడాన్ ఏటీజీకి బదులు టీటీజీగా ఉంది. ఎలుకలలో దాని వ్యాధికారక శక్తి తక్కువగా ఉండడానికి అది ఒక కారణమని తరువాత గ్రహించారు. ఆర్‌పీఓఎస్ స్థితిని మీరు ఈ రోజే చూడవచ్చు, ఎందుకంటే పెరాక్సైడ్‌ను నురగగా విడగొట్టే ఒక ఎంజైమ్ తయారీ దాని మీద ఆధారపడి ఉంటుంది. కాలనీ మీద, లేదా స్టేషనరీ దశ కల్చర్ మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసినప్పుడు ఒక స్టాకు గట్టిగా నురగ కట్టి, మరొకటి మందకొడిగా ఉంటే అనుమానించాల్సిందే.

చలనం విషయంలో, ఎఫ్‌ఎల్‌హెచ్‌డీసీ ఎగువ ప్రాంతానికి ప్రైమర్లు తెప్పించి మూడు స్టాకులకూ కాలనీ పీసీఆర్ చేయండి. ఐఎస్1 పొడవు 768 క్షారజంటలు, ఐఎస్5 సుమారు 1,200. ఏది దూరినా జెల్ మీద బ్యాండ్ పైకి జరిగి కనిపిస్తుంది. బ్యాండ్ జరగలేదంటే మాత్రం అక్కడ మార్పు లేదని నిశ్చయించకండి, ఒక్క క్షారపు మార్పును జెల్ చూపదు.

ఆ తరువాత పీ1 ఫాజ్ ట్రాన్స్‌డక్షన్‌తో (వైరస్ ద్వారా డీఎన్‌ఏను చేరవేసే పద్ధతితో) మీ తొలగింపును, సీక్వెన్సింగ్‌లో శుభ్రంగా తేలిన మాతృ స్ట్రెయిన్‌లోకి మార్చండి. ఒకే కాలనీతో సరిపెట్టుకోకుండా స్వతంత్రంగా వచ్చిన అనేక ట్రాన్స్‌డక్టెంట్లను (అలా డీఎన్‌ఏ అందుకున్న కాలనీలను) పరీక్షించండి. పీ1 ఒక్కసారికి దాదాపు లక్ష క్షారజంటల ముక్కను మోసుకొస్తుంది. మీ జన్యువు ఎఫ్‌ఎల్‌హెచ్‌డీసీకి ఆ దూరం లోపల ఉంటే ఐఎస్ కూడా దానితోపాటే వచ్చేయవచ్చు. కనుక ప్రతి ట్రాన్స్‌డక్టెంట్‌కూ అదే పీసీఆర్ మళ్లీ చేసి, ఐఎస్ లేని వాటినే చలన పరీక్షకు తీసుకోండి.